కదలని అంకె

నాడి చూసుకోవడం అందరికీ తెలిసిందే కదా. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణిస్తే సరి. ఖాళీగా కూర్చున్న మన వయసువాళ్ళకి మామూలుగా 60కి 100కి మధ్యలో వస్తుంది. హాస్టల్‌లో నాలుగు అంతస్తులు ఎక్కొచ్చి చూసుకుంటే 140 ఉండొచ్చు. వైవా గది బయట నిలబడి చూసుకుంటే ఎంతున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాసేపు కూర్చుంటే మళ్ళీ దిగుతుంది. అవసరాన్ని బట్టి ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండడమే గుండె పని.

ఈ వ్యాసం ఎక్కిన తర్వాత దిగని గుండె గురించి. అది కూడా "నాకు దడగా ఉంది" అని చెప్పడానికి ఇంకా మాటలు రాని పసిపిల్లల గుండె గురించి. ఈసీఈ చదివేవాడికి ఈ సంగతులెందుకు అని అడుగుతారేమో. చదివితే మీకే తెలుస్తుంది, ఇందులో సగం మన సిలబస్సే.

ముందు ఒక చిక్కు చెప్పాలి. పసిపిల్లల గుండె మామూలుగానే వేగంగా కొట్టుకుంటుంది. నెలల పిల్లలకి మెలకువగా ఉన్నప్పుడు నిమిషానికి 120 నుంచి 160 దాకా ఉండడం సహజం. గుక్కపట్టి ఏడిస్తే 200 దగ్గరికీ వెళ్ళొచ్చు. జ్వరం వస్తే ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు పది చొప్పున పెరుగుతుంది. కాబట్టి "బిడ్డ గుండె వేగంగా ఉంది" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు. ఆకలికీ, భయానికీ, జ్వరానికీ, ఒంట్లో నీరు తగ్గినందుకూ గుండె పరుగెత్తుతుంది. ఆ కారణం పోతే పరుగూ తగ్గుతుంది. దీన్ని సైనస్ టాకికార్డియా అంటారు. ఇక్కడ గుండెకి జబ్బు లేదు, అది జవాబు చెబుతోంది అంతే.

రెండోది వేరు. ఏ కారణమూ లేకుండా, స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా మొదలవుతుంది. ఏడాది లోపు పిల్లల్లో 220 దాటి, కొందరిలో 280, 300 దాకా కూడా వెళ్తుంది. కాస్త పెద్దపిల్లల్లో 180 దాటితే అనుమానించాలంటారు. దీని పేరు సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా, పొట్టిగా ఎస్వీటీ. పిల్లల్లో వచ్చే అసహజమైన గుండె వేగాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 250 నుంచి 1000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందని వైద్య పుస్తకాల్లో ఉన్న అంచనా. అంటే మరీ అరుదేం కాదు. మన కాలేజీలో చదివేవాళ్ళలోనే చిన్నప్పుడు ఇది వచ్చి తగ్గినవాళ్ళు ఉండొచ్చు.

నాకు ఈ పేరు తెలిసింది నిరుడు వేసవి సెలవుల్లో. అక్క పురిటికి అమలాపురం వచ్చింది. చంటోడికి అప్పటికి రెండు నెలలు, నాలుగున్నర కిలోల బరువు. ఒకరోజు సాయంత్రం నుంచీ పాలు సరిగ్గా తాగడం మానేశాడు. రెండు గుక్కలు తాగడం, వదిలెయ్యడం, నుదుటి మీద చెమట పట్టడం. జ్వరం లేదు. రాత్రంతా చిరాగ్గా ఏడ్చి, తెల్లారేసరికి ఏడుపు కూడా తగ్గించేసి నీరసంగా పడుకున్నాడు. పొద్దున్నే దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళారు. పేరు ఎందుకులెండి. అక్కడ పెద్దవాళ్ళ వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ వాడి వేలికి తగిలించారు. అంకె నిలవలేదు. "పిల్లాడు కదులుతున్నాడు, సరిగ్గా తగలట్లేదు" అని తీసేశారు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టనే లేదు. కడుపులో గ్యాస్ అన్నారు, చుక్కల మందు రాసిచ్చారు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. నవ్వకండి. ఆ రోజు అసలు సంగతి మొదట పట్టుకున్నది కూడా ఆవిడే. ఒళ్ళో వేసుకుని జోకొడుతూ వాడి ఛాతీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత అక్కని పిలిచి, "ఏమే, వీడి గుండె పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. ఇందాక ఏడ్చినప్పుడూ ఇలాగే ఉంది, ఇప్పుడు నిద్రపోతున్నా ఇలాగే ఉంది. మీ ఎవరికీ ఇలా లేదమ్మా" అంది.

బావ ఇంకేం ఆలోచించలేదు, కారు తీశాడు. ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ. అక్కడ పిల్లల డాక్టరుగారు స్టెతస్కోప్ పెట్టి కాసేపు విని, లెక్కపెట్టే ప్రయత్నం మానేసి, "ఈసీజీ" అన్నారు. మానిటర్ మీద 268 వచ్చింది. అక్క ఏడుస్తోంది. నా చూపంతా ఆ అంకె మీదే ఉంది. సూది గుచ్చారు, వాడు కెవ్వుమన్నాడు, 268. అక్క ఎత్తుకుంది, ఊరుకున్నాడు, 268. అరగంటలో ఒకటో రెండో అటూ ఇటూ తప్ప కదల్లేదు.

తర్వాత ఆవిడ చెప్పిన మాట ఇది: "వేగం కంటే ఆ అంకె కదలకపోవడమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది."

ఎందుకు కదలదో అర్థం కావాలంటే గుండెలో కరెంటు దారి తెలియాలి. పై గదుల్లో కుడివైపు సైనస్ నోడ్ ఉంటుంది, అది క్లాక్ జనరేటర్. అక్కడ పుట్టిన పల్స్ పై గదులంతా పాకి కింది గదుల్లోకి దిగాలి. కానీ పై గదులకీ కింది గదులకీ మధ్య కరెంటు పారని పీచు కణజాలం అడ్డుగా ఉంటుంది. దాన్ని దాటడానికి ఉన్న ఒకే ఒక్క అధికారిక దారి ఏవీ నోడ్. అది పల్స్‌ని కాసేపు ఆపి మరీ కిందికి వదులుతుంది. ఆ ఆలస్యంలోనే పై గదుల రక్తం కింది గదుల్లోకి చేరుతుంది.

మా కోనసీమ వాళ్ళకైతే ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. పీచు అడ్డు అంటే కాలవ గట్టు. ఏవీ నోడ్ అంటే లాకు. తలుపులు తీసి, మూసి, లెక్కగా వదులుతుంది. కొందరు పిల్లల్లో, గుండె తయారయ్యేటప్పుడు మూసుకుపోవాల్సిన సన్నటి కండరపు పోగు ఒకటి ఆ అడ్డులో మిగిలిపోతుంది. గట్టుకి గండి పడ్డట్టన్నమాట. నీళ్ళయితే వెనక్కి ఎక్కవు గానీ కరెంటు ఎక్కుతుంది. లాకు గుండా కిందికి దిగిన పల్స్ ఆ గండి గుండా మళ్ళీ పైకొస్తుంది. పైకొచ్చేసరికి లాకు తెరుచుకుని ఉంటే మళ్ళీ కిందికి దిగుతుంది. ఇక అంతే. క్లాక్‌తో పని లేకుండా సిగ్నల్ తన చుట్టూ తానే తిరుగుతుంటుంది. ఒక్కో చుట్టుకి ఒక్కో గుండె దెబ్బ.

మైకు తీసుకెళ్ళి స్పీకర్ ముందు పెడితే వచ్చే కూత గుర్తుందా? ఆ కూత పిచ్ ఎవరి గొంతు మీదా ఆధారపడదు, లూప్ మీద ఆధారపడుతుంది. ఇదీ అలాగే. చుట్టు ఎంత పొడవు, అందులో ఎక్కడ ఎంత ఆలస్యం అన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. బిడ్డ ఏడ్చాడా నిద్రపోయాడా అన్నది లూప్‌కి పెద్దగా పట్టదు. అందుకే అంకె కదలదు. అమ్మమ్మ అరచేతికి తెలిసింది సరిగ్గా ఇదే.

ఈ ఊహ ఈనాటిది కాదు. జార్జ్ రాల్ఫ్ మైన్స్ అనే శాస్త్రవేత్త జంతువుల గుండె కండరాన్ని ఉంగరంలా చేసి, అందులో ఒక ప్రేరణ ఆగకుండా గుండ్రంగా తిరగగలదని 1913లోనే చూపించాడు. 1930లో లూయీ వుల్ఫ్, జాన్ పార్కిన్సన్, పాల్ డడ్లీ వైట్ అనే ముగ్గురు డాక్టర్లు, ఈసీజీలో ఒక వింత ఆకారం ఉండి మధ్యమధ్య గుండె పరుగెత్తే 11 మంది గురించి రాశారు. వాళ్ళ పేర్లతోనే దాన్ని ఇప్పుడు వుల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్ అంటున్నారు. చంటోడికి తేలింది కూడా అదే.

ఈసీజీ కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. అంటే ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. రెండు శిఖరాల మధ్య ఎన్ని చిన్న గడులున్నాయో చూసి 1500ని దానితో భాగిస్తే నిమిషానికి ఎన్నిసార్లో వస్తుంది. వాడి కాగితం మీద అయిదున్నర గడులకి కొంచెం ఎక్కువ. డాక్టర్లు అందులో మూడు చూస్తారు. ఒకటి, దూరాలన్నీ సమానమా? రెండు, ప్రతి పెద్ద శిఖరానికి ముందూ పీ తరంగం అనే చిన్న గుట్ట మామూలు ఆకారంలో ఉందా? సైనస్ టాకికార్డియాలో ఉంటుంది, ఎస్వీటీలో కనపడదు, లేదా శిఖరం వెనకాల ఎక్కడో తలకిందులుగా దాక్కుంటుంది. మూడు, శిఖరం సన్నగా ఉందా వెడల్పుగా ఉందా? వెడల్పుగా ఉంటే పరుగు కింది గదుల్లోనే పుట్టిందేమోనని, అది ఇంకా ప్రమాదమని, జాగ్రత్తపడతారు. వాడిది సన్నగానే ఉంది.

ఇక వైద్యం. లూప్ ఆగాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట, ఒక్క క్షణం తెంపితే చాలు. సర్క్యూట్ మొత్తం మార్చక్కర్లేదు. ఆ తెంపే చోటు లాకు, అంటే ఏవీ నోడ్.

మొదటి ఉపాయానికి మందే అక్కర్లేదు. ఐసు ముక్కలూ నీళ్ళూ కలిపిన ప్లాస్టిక్ సంచిని నుదురూ కళ్ళూ కప్పేలా, ముక్కూ నోరూ మాత్రం మూసుకుపోకుండా, కొన్ని సెకన్లు ఆనిస్తారు. ముఖానికి చల్లనీళ్ళు తగిలితే వేగస్ నాడి గుండెని నెమ్మదింపజేస్తుంది. నీళ్ళలో మునిగే జంతువులన్నింటికీ ఉన్న ప్రతిచర్య ఇది, పసిపిల్లల్లో బలంగా ఉంటుంది. పెద్దపిల్లలైతే ఊపిరి బిగబట్టి ముక్కమంటారు, లేదా మూసిన గొట్టంలోకి ఊదమంటారు. ఇంకో మాట, గట్టిగా గుర్తుపెట్టుకోండి: పూర్వం కనుగుడ్లు నొక్కేవారట, అది కంటికే ప్రమాదం, ఎవరూ చెయ్యకూడదు. ఐసు పద్ధతి కూడా ఆసుపత్రిలో, మానిటర్ తగిలించి చేసేదే.

చంటోడికి ఐసుతో తగ్గలేదు. రెండోది అడినోసిన్. ఇది మన ఒంట్లోనే ఉండే పదార్థం. ఏవీ నోడ్‌ని కొన్ని సెకన్లు మూసేస్తుంది. చిక్కేంటంటే రక్తంలో దీని అర్ధాయుష్షు పది సెకన్ల లోపే. నెమ్మదిగా ఇస్తే గుండెకి చేరేలోపే ఖర్చయిపోతుంది. పిల్లలకి కిలోకి 0.1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. నాలుగున్నర కిలోలకి 0.45 మిల్లీగ్రాములు. మందు ఒక మిల్లీలీటరులో 3 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 0.15 మిల్లీలీటరు, రెండు మూడు చుక్కలు. అంత కొంచెం మందు సూది గొట్టంలోనే ఉండిపోగలదు. అందుకే మూడు దారుల కవాటానికి ఒకవైపు మందు సిరంజి, ఇంకోవైపు సెలైన్ సిరంజి పెట్టి, మందు తోసిన మరుక్షణం సెలైన్‌ని బలంగా తోస్తారు.

డాక్టరుగారు ముందే చెప్పారు. "మందు పని చేసేటప్పుడు గీత కాసేపు ఆగుతుంది. భయపడకండమ్మా." ఆ సమయమంతా ఈసీజీ కాగితం నడుస్తూనే ఉండాలట. ఎందుకంటే అదే పరీక్ష కూడా. లాకు లూప్‌లో భాగమైతే పరుగు ఆగిపోతుంది. ఆగకుండా పై గదుల తరంగాలు మాత్రం విడిగా బయటపడితే, అది ఏట్రియల్ ఫ్లటర్ లాంటి వేరే జబ్బు అని తెలుస్తుంది. ఒకే సూది, వైద్యమూ అదే, నిర్ధారణా అదే. పక్కన డీఫిబ్రిలేటర్ కూడా సిద్ధంగా పెట్టుకున్నారు. మందుతో లొంగకపోయినా, బిడ్డ స్పృహ తగ్గి రక్తపోటు పడిపోయినా, కిలోకి 0.5 నుంచి 1 జౌల్ చొప్పున షాక్ ఇస్తారు. ఆ షాక్ సరిగ్గా శిఖరంతో కలిసి పడేలా మెషీన్ సింక్రనైజ్ చేసుకుంటుంది. తప్పు క్షణంలో పడితే కింది గదులు అదుపు తప్పి కొట్టుకునే ప్రమాదం ఉంది. సింక్ అనే మాటని నేను అప్పటిదాకా ఆసిల్లోస్కోప్ మీదే విన్నాను.

మొదటి మోతాదుకి అంకె ఒక్క క్షణం తడబడి మళ్ళీ 268కి వెళ్ళింది. అక్క బావ చెయ్యి పట్టుకుంది. రెండోసారి మోతాదు రెట్టింపు చేశారు. తోశారు. గీత ఆగింది. నిజంగానే ఆగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ చదును గీతని చూస్తున్నాను. రెండు సెకన్లే ఉంటుందట, తర్వాత కాగితం మీద కొలిచి చూపించారు. ఒక దెబ్బ. కాస్త ఆగి ఇంకో దెబ్బ. ఆ తర్వాత 152, 147, 149, 144. వాడు ఏడుపందుకున్నాడు, 171. అక్క ఎత్తుకుంది, 150.

అంకె కదులుతోంది. అక్కకి ఆ మాట చెబితే, "నోర్మూసుకోరా, ముందు వాణ్ణి చూడనీ" అంది.

అప్పటికే కాలేయం కొద్దిగా ఉబ్బింది, ఊపిరి వేగం పెరిగింది. కొట్టుకునే వేగం అంతుంటే కింది గదులు నిండడానికి టైము చాలదు, పంపు తిరుగుతుంది గానీ నీళ్ళు పోవు. ఒకరోజో రెండురోజులో ఇలాగే ఉంటే పసిగుండె అలసిపోయి ఫెయిల్ అవ్వడం మొదలవుతుంది. అందుకే పాలు తాగలేదు, చెమటలు పట్టాయి. తాగడం అంటే వాడి వయసులో అదే పెద్ద వ్యాయామం మరి.

గుండె కుదుటపడ్డాక తీసిన ఈసీజీలో శిఖరం మొదట్లో చిన్న ఏటవాలు కనిపించింది. దాన్ని డెల్టా తరంగం అంటారు. గండి గుండా కూడా కొంత కరెంటు ముందుగా కిందికి దిగుతోందని గుర్తు. ఎకోలో గుండె నిర్మాణం మామూలుగానే ఉంది. ప్రొప్రనలాల్ రాశారు, ఎనిమిది గంటలకోసారి. పాలు పట్టాకే ఇవ్వాలి, లేకపోతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పెద్దవాళ్ళలో వాడే వెరాపమిల్ ఏడాది లోపు పిల్లలకి సాధారణంగా ఇవ్వరు, డెల్టా తరంగం ఉంటే డిగాక్సిన్ కూడా వద్దంటారు. ఏ మందు లాకుని మూస్తుంది, ఏది గండిని ఇంకా తెరుస్తుంది అన్న లెక్క అది.

మంచి వార్త ఏంటంటే, పసితనంలో మొదలైనవాళ్ళలో చాలామందికి మొదటి ఏడాదిలోనే ఈ పరుగులు ఆగిపోతాయి. కొందరికి మాత్రం బడి వయసులో మళ్ళీ రావొచ్చు. అప్పుడు అవసరమైతే కాలి రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి, ఆ పోగుని రేడియో ఫ్రీక్వెన్సీతో కాల్చేస్తారు. బిడ్డ 15 కిలోలన్నా దాటేదాకా వీలైనంతవరకు ఆగుతారు. ఈ పోగుని తెంపొచ్చని మొదట రుజువైంది 1968లో, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో, డాక్టర్ విల్ సీలీ చేసిన గుండె ఆపరేషన్‌తో. అప్పుడు ఛాతీ తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికెళ్ళిపోతున్నారు.

చంటోడికి ఇప్పుడు పదిహేను నెలలు. మందు ఆపేసి మూడు నెలలైంది. నడక కాదు, పరుగే. అక్క ఇప్పటికీ వాడు నిద్రపోయాక ఛాతీ మీద చెయ్యి వేస్తుంది.

ఇక మన సిలబస్ దగ్గరికి వద్దాం. ఈ సెమిస్టర్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్ట్ ఈసీజీ మానిటర్. శిఖరాలు గుర్తించడానికి 1985లో జియాపు పాన్, విల్లిస్ టాంప్‌కిన్స్ ఇచ్చిన అల్గారిథమ్‌కి సాటి ఇప్పటికీ తక్కువ. అందులో ఒక శిఖరం దొరికాక 200 మిల్లీసెకన్లు ఇంకోటి చూడకుండా ఆగే నియమం ఉంది. పెద్దవాళ్ళ కోసం చేసేటప్పుడు శబ్దం తగ్గడానికి దాన్ని 300 పెట్టుకోవచ్చు. నిమిషానికి 200 దాకా కొలిచే వీలుంటుంది, పెద్దవాళ్ళకి అది చాలు.

ఇప్పుడు ఆ మెషీన్‌ని 268 దగ్గర ఇరుక్కున్న బిడ్డకి తగిలించారనుకోండి. దెబ్బకీ దెబ్బకీ మధ్య 224 మిల్లీసెకన్లు. మొదటి దెబ్బ లెక్కపెడుతుంది. రెండోది 300 లోపే వచ్చింది కాబట్టి వదిలేస్తుంది. మూడోది పడుతుంది. అంటే ఒకటి విడిచి ఒకటి. తెర మీద వచ్చే అంకె 134. రెండు నెలల బిడ్డకి 134 అంటే ఎవరైనా ఏమంటారు? "అబ్బే, గుండె బాగుంది" అంటారు. నేను సిమ్యులేషన్‌లో 224 మిల్లీసెకన్ల పల్స్ రైలు ఇచ్చి చూశాను, సరిగ్గా 134 వచ్చింది. ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నాను.

అందుకే మా డిజైన్‌లో రెండు పెట్టాం. ఒకటి, మెషీన్ ఆన్ చెయ్యగానే వయసు అడుగుతుంది, దాన్ని బట్టి ఆ టైము మారుతుంది. రెండోది, వేగంతో పాటు గత అయిదు నిమిషాల్లో ఆ వేగం ఎంత కదిలిందో కూడా చూపిస్తుంది. సగం లెక్కపెట్టి 134 అన్నా, అది ఏడుపుకీ నిద్రకీ 134 దగ్గరే ఉండిపోతే అనుమానించాలి కదా. పెద్దవాళ్ళ కోసం చేసిన పరికరాల్ని పిల్లలకి తగిలించి నమ్మకండి. ఆపిల్ వాచ్‌లో ఈసీజీ సౌకర్యం కూడా 22 ఏళ్ళు నిండినవాళ్ళకే అని ఆ కంపెనీయే చెబుతుంది.

మెషీన్ లేని ఇంట్లో ఏం చెయ్యాలి? పసిబిడ్డ పాలు మానేసి, చెమటలు పట్టి, పాలిపోయి, ఎగశ్వాస తీస్తూ నీరసంగా ఉంటే ఎడమ రొమ్ము కింద చెయ్యి పెట్టండి, లేదా చెవి ఆనించండి. లెక్కపెట్టలేనంత వేగంగా ఉంటే ఇంకేమీ చూడొద్దు, ఈసీజీ తీసే చోటికి వెంటనే తీసుకెళ్ళండి. ఒక్క సంగతి మాత్రం గమనించి డాక్టరుకి చెప్పండి: ఏడ్చినప్పుడు ఎలా ఉంది, నిద్రలో ఎలా ఉంది, తేడా ఉందా లేదా. ఆ ఒక్క మాటతో వాళ్ళకి చాలా టైము కలిసొస్తుంది.